బస్సులో ఒక్కడివే పో

మొన్న ప్రొద్దుటూరులో మోటారు రివైండింగ్ షాపు ముందు ఇనుప స్టూలు మీద కూర్చొని ఉన్నాను. తోటలో బోరు మోటారు కాలిపోయింది. తీగ చుట్టడం అయ్యేదాకా నాకు వేరే పని లేదు. ఉన్నట్టుండి నా వెనక కారు తలుపులు వరసగా మూసుకున్న చప్పుడైంది. దబ్, దబ్, దబ్బుమని. ఒక తలుపు మూసుకుంటే అది ఒట్టి కారు. ఒకదాని వెంట ఒకటి అన్నీ మూసుకుంటే, మా పల్లెల్లో పుట్టి పెరిగినవాడికి అది దాడికి దిగే చప్పుడు. నాకు తెలియకుండానే లేచి వీపు గోడకు ఆనించాను. తీరా చూస్తే పెళ్ళివాళ్ళు. బంగారం కొనడానికి వచ్చినట్టున్నారు. ఒక పెద్దావిడ ఒక చెప్పు కారులోనే వదిలేసి దిగింది. ఒంటి చెప్పుతో రోడ్డు మీద నిలబడి తనను చూసి తనే నవ్వుకుంటోంది. షాపాయన చేతిపని ఆపి, "ఏందన్నా, అట్ల లేస్తివి, కరెంటు కొట్టినట్ల?" అన్నాడు. ఏం లేదప్పా అని మళ్ళీ కూర్చున్నాను. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకాలే నర్సక్క గుర్తొచ్చింది.

నర్సక్కను మీరు చూసి ఉండరు. ఆమె అసలు పేరు సుగుణమ్మ. జమ్మలమడుగులో ఒక ఆసుపత్రిలో ఉద్యోగమంతా నర్సుగా చేసి, రిటైరైనాక ఊళ్ళో ఇల్లు కట్టుకోకుండా ఎర్రమల కొండ కింద రాళ్ళూ సర్కారు ముళ్ళకంపా తప్ప ఇంకేమీ లేని నేల కొనుక్కుంది. ఏంటికి కొన్నావక్కా అని ఒకసారి అడిగాను. "ఆస్పత్రికి మీ పల్లెలోల్లు కొట్టుకోని, నరుక్కోని రెండు పక్కలోల్లూ వస్తాండ్రి. కుట్లు నేనే వేస్తాంటి. మంచాల మీద ఉన్నన్నాళ్ళు ఒకరి చెంబులో నీళ్ళు ఒకరు తాగుతాండ్రి. డిశ్చార్జి రాసిస్తే, గేటు కాడికి పోయేలోపలే మొగాలు మారిపోతాండె. అందుకని డిశ్చార్జి లేని వార్డు ఒకటి పెట్టుకుంటి" అంది.

ఆ వార్డు పేరే జనం నోట నర్సక్క తోట అయింది. మట్టి గోడల గదులు కొన్ని, ఒక వంటపాక, ఒక ప్రార్థన గది. ఆ గదిలో ఏ దేవుడి పటమూ లేదు, కొండ వైపు ఒక కిటికీ మాత్రం ఉంది. దేవుడు ఎక్కడమ్మా అని ఎవరైనా అడిగితే, "లోపల ఉక్కపోస్తాందని బయట కూచుండాడు, ఆ కిటికీలోంచి చూడు" అనేది. ఆమె మెడలో సిలువ ఉండేది. దర్గాకు పిలిచినా పోయేది, తిరనాళ్ళకు పిలిచినా పోయేది. తోటకు ఒక మంచి పేరు పెట్టి, ఎవరో భక్తిగా గేటు పక్కన బోర్డు నిలబెట్టారు. గాలికి అది పడిపోయింది. మళ్ళీ నిలబెడదామంటే, "ఉండనీ అప్పా, కోళ్ళకు నీడైతాంది" అంది.

బెంగళూరు నుంచి మనసు బాగాలేక వచ్చి వారం ఉండి పోయేవాళ్ళు, వానలు పడితే మొక్కలు నాటడానికి వచ్చే కాలేజీ పిల్లలు, పల్లెల్లో తగాదాలు పడి పడి అలిసిపోయిన మనుషులు, అందరికీ అక్కడ ఒకటే పద్ధతి. కొండ మీది ఎండ తోటలోకి దిగేదాకా ఎవరూ నోరు తెరవకూడదు. దిగినాక పని. సర్కారు కంపను వేళ్ళతో సహా పెళ్ళగించడం, వాన నీళ్ళు నిలిచేటట్టు వాలుకు అడ్డంగా కందకాలు తవ్వడం, కానుగ, నేరేడు, రేల మొక్కలకు కడవలతో నీళ్ళు మోయడం. పగపట్టిన రెండు ఇళ్ళ మనుషులు వస్తే ఆమె వాళ్ళను ఎదురెదురుగా కూర్చోబెట్టి ధర్మాలు చెప్పేది కాదు. ఒకే కందకంలో దింపేది. మధ్యాహ్నానికి, "ఆ పార ఇట్లియ్యి" అని ఒకరు అనక తప్పేది కాదు. "అయిపాయ, మాటలు కలిసినాయి" అని వంటపాకలోంచి అరిచేది.

నేను శాంతి కోసం అక్కడికి పోలేదు. దాక్కోవడానికి పోయాను. అదేమిటో తిప్పకుండా చెబుతాను. నేను ఒక చీనీ తోట, బత్తాయి అంటారే కొందరు, ఆ తోట నరికాను. పులివెందుల దగ్గర మా అమ్మ పుట్టిన ఊళ్ళో పుల్లయ్య మామ ఉన్నాడు. అమ్మకు వరసకు అన్న. నా చిన్నప్పుడు ఎండాకాలం సెలవులన్నీ ఆయన ఎద్దులబండి మీదే గడిచాయి. పంచాయతీ ఎన్నికల్లో మామ మా పెద్దాయనకు ఎదురు తిరిగాడు. పెద్దాయన అంటే మా వైపు పల్లెలన్నిటికీ మా పార్టీ నాయకుడు. నేను ఆయన వెంట తిరిగేవాణ్ణి. "ఆ చీనీ తోట సంగతి చూడండి" అని మాత్రం అన్నాడాయన. మొదటి కాపు మీద ఉన్న చెట్లు. పోలీసులు అడిగినప్పుడు నన్ను బలవంతాన తీసుకుపోయినారని చెప్పాను. అది అబద్ధం. మేనమామ వరస కాబట్టి వీడు వెనకాడతాడేమో అని తోటివాళ్ళు అనుకోకూడదని, అందరికంటే ముందు గొడ్డలి ఎత్తింది నేనే.

కేసు చల్లబడేదాకా కనపడకుండా ఉండమని పెద్దాయనే నన్ను నర్సక్క తోటకు పంపాడు. గేటు దగ్గర ఆమె ఎదురొచ్చింది. మా వైపు కొత్త మనిషిని మొదట అడిగే మాట, ఎవరి మనిషివి అని. ఆమె అడగకముందే నేనే చెప్పేశాను. "పెద్దాయన మనిషినక్కా."

"పెద్దాయన మనిషి గేటు బయట ఉండనీ. నువ్వు లోపలికి రా. అన్నం తింటివా?"

నాకు కోపం వచ్చింది. ఆ పేరు చెబితే కుర్చీ వేసే ఊళ్ళే చూశాను అంతవరకు. ఆమె కుర్చీ వెయ్యలేదు, కడవ ఇచ్చింది. నాకు కొండవాలు మీద ఒక వరస మొక్కలు అప్పగించింది. ఎండాకాలమంతా మోశాను. కేసు సంగతి ఆలోపలే తేలిపోయింది. రెండు పార్టీల పెద్దలూ ఒక పెళ్ళిలో పక్కపక్కన కూర్చొని భోంచేశారు. దాన్నే మేము రాజీ అంటాము. రాజీ అయింది, కేసు పోయింది. తోట పోగొట్టుకున్న పుల్లయ్య మామను ఎవరూ ఒక మాట అడగలేదు. నేనూ అడగాలనుకోలేదు. సంచి సర్దుకొని మరుసటి రోజు పోదామని ఉన్నాను.

ఆ పొద్దు సాయంత్రం నా వరసలోని కానుగ మొక్క ఒకటి మేక కొరికి పోయింది. మోకాలెత్తు పెరిగిన మొక్క. మోడు మిగిలింది. కోపంతో నాకు కళ్ళు కనపడలేదు. కట్టె తీసుకొని మేకలాయన మీదికి పోయాను, నోటికొచ్చినట్టు తిట్టాను. అతను బిత్తరపోయి మేకలను తోలుకొని పోయాడు. నర్సక్క గట్టు మీద నిలబడి ఇదంతా చూస్తూ ఉంది.

"ఎన్నాళ్ళు నీళ్ళు పోసినావప్పా దానికి?" అంది.

"ఈ ఎండాకాలమంతా పోసినా కదక్కా! భుజం కాయలు కాసింది!"

"ఓహో" అంది.

అంతే. ఆ ఓహో అని వంటపాకలోకి పోయింది. నేను ఆ మోడు పక్కనే చీకటి పడేదాకా కూర్చున్నాను. సంచి విప్పాను. అప్పటికి ఎందుకు విప్పానో నాకే సరిగా తెలియదు.

తర్వాత కొన్ని వారాలకు మామ కాళ్ళు పట్టుకోవాలని నిశ్చయించుకున్నాను. నర్సక్కకు చెప్పకుండా, మంచి పని చేసి వచ్చి చెప్పి మెచ్చుకోలు పొందుదామని బయలుదేరాను. అవతలి పార్టీ ఊరికి మా వైపు ఎవడూ ఒంటరిగా పోడు. అది నాకు ఆలోచించి చేసే పని కూడా కాదు, చెప్పులు వేసుకోవడం లాంటిది. స్నేహితులను పిలిచాను. రెండు కార్లు నిండాయి. మామకు పంచె, అత్తకు చీర, పులివెందుల నర్సరీలో మంచి చీనీ అంటు మొక్కలు కొన్నాను. మామ ఇంటి ముందు బండ్లు ఆపి అందరం దిగాము. తలుపులు దబ్బు దబ్బున మూసుకున్నాయి. మేము ఇంకా పంచె బయటికి తియ్యకముందే వీధిలో ఇళ్ళ తలుపులన్నీ మూతపడ్డాయి. మామ తలుపు కొట్టాను. "మామా, నేను ఓబులేసును. మంచికే వచ్చినా!" అని అరిచాను. లోపల ఏదో కింద పడ్డ చప్పుడు తప్ప జవాబు లేదు. అంట్లు అరుగు మీద పెట్టి వచ్చేశాము. దారి పొడుగునా నా స్నేహితులు మామనే తప్పు పట్టారు. నేనూ అవునన్నాను.

తోటకు వచ్చి నర్సక్కకు చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"చూడక్కా, మనం తగ్గి పోయినా వాళ్ళు తలుపు కూడా తియ్యలేదు."

"ఎందరు పోతిరి?"

"రెండు బండ్లు."

చేట కింద పెట్టింది. ఆమె గొంతు పెద్దది చెయ్యగా నేను విన్నది ఆ ఒక్కసారే. "నువ్వు మాఫీ అడగను పోయినావా, దాడికి పోయినావా? నీ మొగం చూసి ఎవురు తలుపు తీస్తారు? వాళ్ళకు నీ పంచె కనపడిందా, నీ బండ్లు కనపడినాయా?"

అంతవరకూ, ఒట్టేసి చెబుతున్నాను, నాకు ఆ ఆలోచనే రాలేదు.

"మరి యట్ల పోవల్ల?"

"బస్సులో ఒక్కడివే పో. చేతిలో ఏమీ పట్టుకోవద్దు."

"నరుకుతారక్కా."

"నరకొచ్చు" అంది. ఆ మాట ఆమె తేలిగ్గా అనలేదు. "వాళ్ళు నిన్ను చూసి భయపడినంతసేపూ నువ్వు అడిగేది మాఫీ కాదు. ఈసారి భయం నువ్వు మోసుకోని పో. వద్దనుకుంటే మానెయ్యి, ఎవురూ ఏమీ అనరు. కడవ ఆడే ఉంది."

మానేశాను. వానాకాలం మొత్తం మానేశాను. ప్రతి వారం పోవాలనుకునేవాణ్ణి, ప్రతి వారం ఏదో ఒక పని అడ్డం పెట్టుకునేవాణ్ణి. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, నన్ను చూసే చూపులో తేడా కూడా రానివ్వలేదు. చివరికి ఒకనాడు ఉదయం మౌనం పాటించే వేళ, ఇంకా ఎవరూ మాట్లాడకముందే, చొక్కా వేసుకొని గేటు దాటాను. మాట్లాడే వేళ అయితే ఏదో ఒక సాకు నా నోటికి వచ్చి ఉండేది.

పులివెందులలో బస్సు మారి ఆ ఊళ్ళో దిగాను. రచ్చబండ దగ్గర మాటలు ఆగిపోయాయి. ఎవరో ఒకరు లేచి లోపలికి పోయారు. వెనక్కి చూస్తే బస్సు దుమ్ము రేపుకుంటూ పోతోంది. ఇక చేసేది లేక మామ చేను వైపు నడిచాను.

మామ గట్టు మీద కూర్చొని తాడు పేనుతున్నాడు. ఆయన వెనక, నేను నరికిన మొదళ్ళలోంచి ముళ్ళ పొదలు గుబురుగా లేచి ఉన్నాయి. నేను ఇచ్చిన అంట్లు ఎక్కడా కనపడలేదు. మామ తలెత్తలేదు.

"ఎందరు వచ్చినారు?"

"ఒక్కన్నే మామా."

"బండి యాడ పెట్టినావు?"

"బస్సులో వచ్చినా."

అప్పుడు తలెత్తాడు. నా వెనక రోడ్డు చూశాడు. నా చేతులు చూశాడు. "తిరుగు బస్సు ఎప్పుడో తెలుసునా?"

"తెల్దు మామా."

"మాపటేల దాకా ఇంకోటి లేదు. అంతసేపూ ఏం చేస్తావు ఈడ?"

అంతలో లక్షుమ్మత్త సంగటి గిన్నె నెత్తిన పెట్టుకొని వచ్చింది. నన్ను చూసి గిన్నె దించి, కొంగు నడుముకు చుట్టింది. "ఒరే ఓబులేసూ, నీ చేతులు పడిపోనూ! నీ ముక్కు తుడిచిన చేతులురా ఇవి! నా చెట్లు ఏం చేసెరా నిన్ను? కార్లు ఏసుకోని వస్తివే ఆ పొద్దు, కాన్పుకొచ్చిన నా బిడ్డ నిండు చూలాలు, వెనక గోడ దూకెరా! దానికేమన్నా అయ్యింటే ఏం చేస్తాంటివి, ఇంకో చీర తెస్తాంటివా?"

నాకు ఆ సంగతి తెలియదు. నేల మీద కూర్చుండిపోయాను. "ఎట్లుంది అత్తా?" అని అడిగాను.

"బాగుంది. ఆడపిల్ల పుట్టె. నీ అసుంటి పెదనాయన కన్ను పడకుండా శానా బాగుంది."

ఎంతసేపు తిట్టిందో తెలియదు. తిట్టే కొద్దీ నాకు ఊపిరి ఆడసాగింది. పేరు పెట్టి, ఒరే అని, వరస కలిపి తిడుతోంది. పరాయివాణ్ణి ఎవరూ అట్లా తిట్టరు. ఆమె అలిసిపోయినాక మామ తాడు పక్కన పెట్టాడు.

"నరికేటప్పుడు ఏమనుకుంటాంటివి రా?"

బస్సులో నేను కూర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ రాలేదు. నిజం ఒక్కటే వచ్చింది. "ఏమీ అనుకోలే మామా. మధ్యలో దప్పికైంది. ఒక కాయ కోసుకోని తిన్నా."

అన్నాక నాకు భయం వేసింది. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మామ నా వైపు జరిగాడు.

"ఎట్లుండె?" అన్నాడు.

"తియ్యగా ఉండె మామా."

"నేను తినలేదురా. గుడికి ఇచ్చినాక తిందామని ఉంటిమి" అన్నాడు. తర్వాత అత్త వైపు తిరిగి, "విన్నావా? తియ్యగా ఉండెనంట" అన్నాడు. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. ఆ రెండూ అయి ఉండొచ్చు కూడా. నేను మాత్రం ఏడ్చాను.

అత్త గిన్నెలోంచి ఒక ముద్ద తీసి, ఊరిబిండి పచ్చడి వేసి, ఆకులో నా ముందుకు తోసింది. "తిని చావు" అంది. అవతలి పార్టీ ఇంట్లో నీళ్ళు ముట్టడం కూడా లేని లోకంలో పెరిగినవాణ్ణి. తిన్నాను. మామ పొదల వైపు చెయ్యి చూపించాడు. "మొదళ్ళు చిగిరిస్తే మీ అత్త సంబరపడె. అది చీనీ కాదు, అంటు కింద ఉండే జంబేరి. ఒట్టి ముళ్ళు, పుల్లటి కాయ. పీకేద్దామంటే చెయ్యి రాలే. వాటికే మళ్ళా అంటు కట్టొచ్చంట. పులివెందులలో కట్టేవాడు ఉండాడు, నేను పిలిస్తే రేపు మాపు అంటాండాడు. నువ్వు పోయి పిల్చుకరా."

"రేపే పిల్చుకొస్తా మామా."

"బస్సులో పిల్చుకరా" అన్నాడు. అత్తకు నవ్వొచ్చింది, కనపడకుండా గిన్నె సర్దుకుంది.

బాగా చీకటి పడినాక తోట దగ్గర దిగాను. నర్సక్క రోడ్డు పక్కన రాయి మీద కూర్చొని ఉంది. మోకాళ్ళ నొప్పులతో గేటు దాకా రావడమే గగనం ఆమెకు. నన్ను చూసి లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చుంది. "బాగుండావా?" అంది. బాగున్నానన్నాను. "పొద్దున్నుంచీ నోట్లో నీళ్ళు పోలేదప్పా నాకు. పెద్ద ధీమాగా చెప్తి, ఒక్కడివే పో అని. వాళ్ళేమన్నా చేసింటే నేను యా మొగం పెట్టుకోని బతకల్ల?" అంది. ఆమెకు అన్నీ తెలుసనీ, అందుకే భయం లేదనీ అనుకునేవాణ్ణి. ఆమె కూడా తెలియకుండానే, భయపడుతూనే చెప్పిందని ఆ రాయి దగ్గర తెలిసింది. ఆమె మీద నాకున్న గౌరవం ఆనాటితో తగ్గలేదు, మనిషి దగ్గరైంది. చెయ్యి పట్టుకొని మెల్లగా లోపలికి నడిపించుకొని పోయాను. దారిలో అంతా చెప్పాను. కాయ సంగతి చెప్పినప్పుడు ఆగి, "తియ్యగా ఉండెనంటనా" అని అడిగి, కళ్ళు తుడుచుకొని నడిచింది.

నర్సక్క నిరుడు చలికాలంలో పోయింది. ఆమెను కొండ వైపే సమాధి చేశాము. మామా అత్తా కూతురూ మనవరాలూ ఆటోలో వచ్చారు. దిగుతూనే మామ నా చెవి దగ్గర, "ఇంతమందితో వచ్చినానని భయపడొద్దురా" అన్నాడు. ఆ దుఃఖంలో కూడా నేను నవ్వాను. ఆమె వింటే ఆమే ముందు నవ్వేది. ఇప్పుడు తోట పనులు మేము కొందరం చూసుకుంటున్నాము. కందకాలు తవ్విన వాలు మీద నేరేళ్ళు నా తల దాటాయి. పగ పట్టుకొని వచ్చేవాళ్ళు అప్పుడప్పుడు వస్తున్నారు, మునుపటంత కాదు. ఎవరైనా నన్ను సలహా అడిగితే నాకు సిగ్గేస్తుంది. ఆమె చెప్పిన ఒక్క మాటే చెబుతాను. చెప్పి, వాళ్ళు తిరిగి వచ్చేదాకా రోడ్డు వైపు చూస్తూ ఉంటాను.

మామ ఈనాటి వరకూ క్షమించానని అనలేదు. నేను అడగడం మానేశాను. చెట్లకు మందు కొట్టే పని ఉన్నా, బావికి పూడిక తీసే పని ఉన్నా కబురు వస్తుంది, పోతాను. నాకు అది చాలు. ధైర్యం వచ్చేసిందని మాత్రం చెప్పలేను. ఇప్పటికీ ఆ ఊరి మలుపు తిరిగి బస్సు నెమ్మదించేటప్పుడు, రచ్చ దగ్గర మనుషులు కనపడేటప్పుడు, దిగకుండా ముందుకు పోదామా అనిపిస్తుంది. కడ్డీ పట్టుకొని నిలబడతాను. బస్సు ఆగుతుంది. దిగుతాను.